కలిసి చెడేవి ఏవి?

1988 జూన్‌లో షికాగోలో జరిగిన డేటాబేస్ పరిశోధకుల సదస్సుకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖ నుంచి ఒక పత్రం వచ్చింది. రాసినవారు ముగ్గురు: డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్. అందులోని కీలకమైన లెక్క బడిపిల్లలు కూడా వేయగలిగినంత చిన్నది. ఒక హార్డ్ డిస్క్ సగటున 30,000 గంటలు, అంటే మూడేళ్లకు పైగా, చెడకుండా పనిచేస్తుందని తయారీదారు చెబుతాడు. అలాంటివి వంద కలిపి ఒకే నిల్వగా వాడితే, వందలో ఏదో ఒకటి సగటున 300 గంటలకోసారి పోతుంది. రెండు వారాలు కూడా గడవవు. వెయ్యి డిస్కులైతే 30 గంటలు. అంటే దాదాపు రోజుకొకటి.

వంద డిస్కులు కలపాలన్న ఆలోచన అసలెందుకు వచ్చింది? ఆ రోజుల్లో పెద్ద సంస్థల కంప్యూటర్ గదుల్లో ఐబీఎం 3380 రకం డిస్కులు ఉండేవి. పద్నాలుగు అంగుళాల పళ్లేలు, బీరువా అంత పెట్టె, 7.5 గిగాబైట్ల సామర్థ్యం. మరోపక్క పర్సనల్ కంప్యూటర్ల కోసం కానర్ కంపెనీ మూడున్నర అంగుళాల చిన్న డిస్కును 100 మెగాబైట్ల సామర్థ్యంతో అమ్ముతోంది. చిన్నవి 75 కలిపితే పెద్దదానికి సమానం. పైగా అన్నీ ఒకేసారి చదవగలవు, రాయగలవు కాబట్టి వేగమూ ఎక్కువ, కరెంటు ఖర్చూ తక్కువ. అడ్డొచ్చింది ఆ చిన్న లెక్క ఒక్కటే. చెడని డిస్కు కోసం వెతకడం మానేసి, డిస్కు చెడినా పని ఆగని అమరికను కట్టాలన్నది ఆ ముగ్గురి జవాబు. దానికి వారు పెట్టిన పేరు రెయిడ్.

ఒక డిస్కు చెడితే ఏం చేయాలో గణితం త్వరగానే చెప్పింది. ఏవేవి కలిసి చెడతాయన్న ప్రశ్న మాత్రం ఇంజినీర్లను ఇప్పటికీ వదల్లేదు. డేటా నిల్వ చేసే సర్వర్ల చరిత్రను ఆ రెండో ప్రశ్న వెంట నడిచి చూస్తేనే, ఒక్కో మార్పు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది.

బర్క్‌లీకి ముందు

హార్డ్ డిస్కు 1956లో పుట్టింది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రెనాల్డ్ జాన్సన్ నాయకత్వంలోని ఐబీఎం బృందం తయారుచేసిన రామాక్ యంత్రంలో రెండడుగుల వ్యాసం ఉన్న పళ్లేలు 50 ఉండేవి. బరువు టన్నుకు పైనే. అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు మాత్రమే. అలాంటి యంత్రాన్ని రెండోది కొని పక్కన పెట్టుకోగలిగిన సంస్థలు తక్కువ. అందుకే ఆ కాలంలో డేటాకు రక్షణంటే పంచ్ కార్డుల మీదో టేపుల మీదో దాచుకున్న మరో ప్రతి.

దీనికి కావలసిన గణితం మాత్రం అప్పటికే సిద్ధమవుతోంది. బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ వారాంతాల్లో రిలే కంప్యూటర్‌కు లెక్కలు అప్పగించి వెళ్లేవారు. మధ్యలో తప్పు కనబడితే యంత్రం ఆ లెక్కను వదిలేసి తర్వాతి దానికి వెళ్లిపోయేది. సోమవారం వచ్చి చూస్తే ఫలితం ఉండేది కాదు. తప్పు జరిగిందని పట్టుకోగలిగిన యంత్రం, అది ఎక్కడ జరిగిందో కూడా కనిపెట్టి దిద్దుకోలేదా అన్నది ఆయనలో రగిలిన ప్రశ్న. 1950లో ఆయన ప్రచురించిన కోడ్‌లో ప్రతి నాలుగు బిట్లకు మూడు అదనపు బిట్లు తోడవుతాయి. ఆ ఏడింటిలో ఏ ఒక్కటి తారుమారైనా, అది ఏదో తెలుసుకుని సరిచేయవచ్చు.

ఈ గణితంలో తెలుగువారి భాగమూ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన సి.ఆర్. రావు, ప్రయోగాలను తక్కువ ఖర్చుతో రూపొందించడానికి పనికొచ్చే ఆర్థోగోనల్ అర్రేల మీద 1947లో ఒక పత్రం ప్రచురించారు. అందులో డిస్కుల ఊసు గానీ కంప్యూటర్ల ఊసు గానీ లేదు. అయినా ఆ పట్టికల అల్లికా, హామింగ్ కోడ్ల అల్లికా గణితపరంగా ఒకదానికొకటి ప్రతిరూపాలని తర్వాత తేలింది. ఇప్పుడు ఆ శాస్త్ర గ్రంథాల్లో దాన్ని రావు-హామింగ్ నిర్మాణం అంటారు. అదే కలకత్తా సంస్థలో పనిచేసిన రాజ్‌చంద్ర బోస్, తన శిష్యుడు రాయ్‌చౌధురితో కలిసి 1960లో ప్రచురించిన కోడ్లు ఆ తరవాత ఫ్లాష్ మెమరీలో తప్పులు దిద్దే పనికి వచ్చాయి. ఆ ఏడాదే ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అయిదు పేజీల వ్యాసంలో మరో కోడ్‌ను ప్రతిపాదించారు. బిట్లే కాదు, ఏకంగా కొన్ని ముక్కలే పోయినా మిగిలిన ముక్కల నుంచి మొత్తాన్ని తిరిగి రాబట్టే కోడ్ అది. నేటి భారీ సర్వర్లలో డేటాకు కాపలా కాస్తున్నది చాలావరకు అదే.

కోడ్లతో కాకుండా జంటలతో ఈ సమస్యను ఎదుర్కొన్నది టాండెమ్ కంపెనీ. జిమ్మీ ట్రైబిగ్ 1974లో స్థాపించిన ఈ సంస్థ, 1976లో తన తొలి యంత్రాన్ని సిటీబ్యాంక్‌కు అందించింది. ప్రాసెసర్లు కనీసం రెండు. వాటిని కలిపే దారులు రెండు. ప్రతి డిస్కుకూ రాసిందల్లా రాసుకునే జంట డిస్కు. ఆ డిస్కును చేరడానికి కూడా రెండు కంట్రోలర్ల ద్వారా దారి. ఏ ఒక్క భాగం చెడినా బ్యాంకు లావాదేవీ ఆగకూడదన్నది వారి పట్టుదల. అదే కంపెనీలో పనిచేసిన జిమ్ గ్రే 1985లో ఖాతాదారుల యంత్రాలు ఎందుకు ఆగాయో లెక్క తీశారు. హార్డ్‌వేర్ వాటా 18 శాతం, సాఫ్ట్‌వేర్ 25 శాతం. యంత్రాలను నడిపే, మరమ్మతు చేసే మనుషుల వల్ల 42 శాతం. భాగాలన్నీ జంటలుగా అమరిన యంత్రంలో, జంట లేకుండా మిగిలినవి ప్రోగ్రామూ, దాన్ని నడిపే మనిషీ అని ఆ లెక్క బయటపెట్టింది.

మొత్తం తెలిస్తే చాలు

జంట పద్ధతిలో ఖర్చు రెట్టింపు. దాన్ని తగ్గించే ఉపాయం ఐబీఎం ఇంజినీరు నార్మన్ ఊచీకి 1978లో మంజూరైన పేటెంటులోనే ఉంది. బర్క్‌లీ బృందం దానికి విస్తృత రూపం ఇచ్చింది. మూడు డిస్కుల మీద 7, 4, 9 అన్న అంకెలున్నాయనుకుందాం. నాలుగో డిస్కు మీద వాటి మొత్తం 20 రాసి పెడితే చాలు. 4 ఉన్న డిస్కు పోతే, 20 నుంచి 7, 9 తీసేస్తే పోయిన అంకె దొరుకుతుంది. నిజమైన డిస్కుల్లో కూడిక బదులు బిట్ల మీద ఎక్స్‌ఆర్ అనే ప్రక్రియ జరుగుతుంది. ఆ మొత్తాన్ని పారిటీ అంటారు. పారిటీ అంతా ఒకే డిస్కు మీద ఉంటే, ప్రతి రాతకూ ఆ ఒక్క డిస్కే ఎదురుచూపులకు కారణమవుతుంది. అందుకే పారిటీని డిస్కులన్నిటి మీదా వంతుల వారీగా పరిచారు. అదే రెయిడ్ 5.

బర్క్‌లీలో ఈ ఆలోచనను కాగితం మీదే వదిలేయలేదు. సన్ కంపెనీ సర్వర్ ఒకదానికి 28 డిస్కులు తగిలించి తొలి నమూనాను కట్టారు. కట్టడం మొదలుపెట్టాక కాగితం మీద కనబడనివి కనబడ్డాయి. 1988 నాటి లెక్కలో ప్రతి డిస్కూ మిగతావాటితో సంబంధం లేకుండా చెడుతుందని అనుకున్నారు. నిజమైన పెట్టెలో అలా ఉండదు. ఒక వరుసలోని డిస్కులన్నిటికీ కేబుల్ ఒకటే. కంట్రోలర్ ఒకటే. పవర్ సప్లై ఒకటే, గాలి కొట్టే ఫ్యాన్లూ అవే. కేబుల్ ఊడిందంటే ఆ వరుస మొత్తం ఒకేసారి మాయమవుతుంది. పారిటీ సమూహం ఆ వరుసలోనే ఉంటే, ఒక్క నష్టాన్ని మాత్రమే పూడ్చగల గణితానికి ఏడెనిమిది నష్టాలు ఎదురవుతాయి.

1989లో మార్టిన్ షుల్జ్ అనే పరిశోధకుడితో కలిసి ఆ ముగ్గురూ దీనికి విరుగుడు రాశారు. వరుసలు నిలువుగా ఉంటే, పారిటీ సమూహాలను అడ్డంగా కట్టాలి. ప్రతి వరుస నుంచి ఒక్కో డిస్కును తీసుకుని ఒక సమూహం చేయాలి. అప్పుడు ఒక వరుసకు కరెంటు పోతే, ప్రతి సమూహమూ ఒక్క డిస్కునే కోల్పోతుంది. ఆ ఒక్కదాన్నీ పారిటీ పూడుస్తుంది. కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. ఏ డిస్కును ఏ సమూహంలో చేర్చాలన్న నిర్ణయం మారిందంతే. 1988 నాటి పత్రం పేరు అందరికీ తెలుసు, ఏడాది తర్వాతి ఈ పత్రం పేరు కొద్దిమందికే తెలుసు. కానీ సర్వర్ పెట్టెను గీసే ఇంజినీరుకు రోజూ పనికొచ్చే పాఠం రెండోదే.

1990లలో ఈ అమరిక బజారుకు చేరింది. సర్వర్ ముందు భాగం నుంచే, నడుస్తుండగానే డిస్కును లాగి మరొకటి పెట్టే ట్రేలు వచ్చాయి. చెడిన డిస్కు స్థానంలోకి తనంతట తానే వచ్చి చేరే హాట్ స్పేర్ వచ్చింది. పవర్ సప్లైలు రెండయ్యాయి. రాత సగంలో ఉండగా కరెంటు పోతే డేటాకూ పారిటీకీ పొంతన తప్పే చిక్కును తప్పించడానికి, కంట్రోలర్ మీది మెమరీకి చిన్న బ్యాటరీ తగిలించారు. ఒక్కో భాగానికి ఒక్కో తోడు.

పత్రంలోని అంకె, గదిలోని అంకె

2007 ఫిబ్రవరిలో, రామాక్ పుట్టిన శాన్ హోసేలోనే జరిగిన నిల్వ సాంకేతికతల సదస్సులో రెండు పత్రాలు కలకలం రేపాయి. ఒకటి గూగుల్‌ది. లక్షకు పైగా డిస్కులను పరిశీలించిన ఆ బృందం, వేడికీ డిస్కులు చెడడానికీ అందరూ అనుకునేంత గట్టి సంబంధం కనబడలేదని చెప్పింది. రెండోది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. రాసినవారు బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్. దాదాపు ఇరవై ఏళ్ల కిందట 30,000 గంటల లెక్క వేసిన ముగ్గురిలో ఒకరైన గిబ్సనే ఆయన.

తయారీదారులు అప్పటికి 10 లక్షల నుంచి 15 లక్షల గంటల సగటు ఆయుష్షు రాస్తున్నారు. దాని ప్రకారం ఏడాదికి నూటికి ఒక డిస్కు కూడా చెడకూడదు. నిజమైన కంప్యూటర్ గదుల్లో ఏడాదికి మార్చాల్సి వచ్చినవి నూటికి రెండు నుంచి నాలుగు. కొన్నిచోట్ల 13 వరకు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది: ఒక డిస్కు చెడిన తర్వాత మరొకటి చెడే అవకాశం మామూలుకంటే ఎక్కువగా కనబడింది. డిస్కులు వేటికవి విడిగా చెడతాయన్న ఊహ కొలతల ముందు నిలవలేదు. ఒకే రోజు కొని, ఒకే పెట్టెలో పెట్టి, ఒకే పని చేయించిన డిస్కులకు కష్టకాలం కూడా ఒకేసారి రావచ్చు.

ఈలోగా డిస్కులు పెద్దవయ్యాయి, వాటిని చదివే వేగం మాత్రం అంతగా పెరగలేదు. 20 టెరాబైట్ల డిస్కు పోతే, సెకనుకు 200 మెగాబైట్ల వేగంతో ఆపకుండా రాసినా కొత్తదాన్ని నింపడానికి దాదాపు 28 గంటలు పడుతుంది. ఆ వ్యవధి అంతా మిగతా డిస్కులన్నీ ఊపిరి సలపకుండా చదువుతూనే ఉండాలి. సాధారణ డిస్కుల విషయంలో తయారీదారులే పన్నెండున్నర టెరాబైట్లు చదివేలోగా ఒక బిట్ చదవలేకపోవచ్చని రాస్తారు. ఒక పారిటీ చాలదని అందుకే తేలింది. రెండు డిస్కులు పోయినా నిలబడే అమరికను నెట్‌యాప్ ఇంజినీర్లు 2004లో వివరంగా ప్రచురించారు. జంట పారిటీ క్రమంగా పెద్ద సర్వర్లకు కనీస రక్షణ అయింది.

చెడిన డిస్కు తాను చెడినట్టు చెబుతుంది. చెప్పకుండా తప్పు డేటా ఇచ్చే డిస్కుతోనే అసలు ప్రమాదం. సన్ కంపెనీలో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో మొదలుపెట్టి 2005లో బయటపెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్, ప్రతి బ్లాకుకూ ఒక చెక్‌సమ్ లెక్కగట్టి, దాన్ని ఆ బ్లాకుతో కాకుండా దానికి దారి చూపే పై బ్లాకులో దాస్తుంది. డేటా, దాని సాక్ష్యం ఒకేచోట ఉంటే రెండూ కలిసి చెడవచ్చన్న జాగ్రత్త అది. 2006లో అదే కంపెనీ 48 డిస్కులున్న సర్వర్‌ను తెచ్చింది. అందులో కంట్రోలర్లు ఆరు, ఒక్కోదాని కింద ఎనిమిది డిస్కులు. సమూహంలోకి ఒక్కో కంట్రోలర్ నుంచి ఒక్కో డిస్కు తీసుకునేలా కట్టుకునే వీలుంది. 1989 నాటి అడ్డ వరుసలే అవి.

పెట్టె పోయినా ఫర్వాలేదు

గూగుల్ తొలినాళ్ల సర్వర్లు చూడ్డానికి బీదగా ఉండేవి. 1999 నాటివి ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి. ట్రే మీద కార్క్ పలక, దాని మీద వరుసగా మదర్‌బోర్డులు, డిస్కులు. జంట పవర్ సప్లైలు లేవు, ఖరీదైన కంట్రోలర్లు లేవు. 2003లో సంజయ్ ఘెమావత్, హోవర్డ్ గోబియాఫ్, షున్-టాక్ ల్యూంగ్ ప్రచురించిన గూగుల్ ఫైల్ సిస్టమ్ పత్రం ఆ ధైర్యం ఎక్కడిదో చెప్పింది. భాగాలు చెడడాన్ని అది రోజువారీ వ్యవహారంగా లెక్కించింది. ఫైళ్లను 64 మెగాబైట్ల ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ మూడు ప్రతులు వేర్వేరు యంత్రాల మీద ఉంచింది. అవన్నీ ఒకే ర్యాకులో పడకుండా చూసింది, ఎందుకంటే ర్యాకు మొత్తానికీ నెట్‌వర్క్ స్విచ్ ఉమ్మడి. కాపాడాల్సిన హద్దు డిస్కు నుంచి పెట్టెకు, పెట్టె నుంచి ర్యాకుకు జరిగింది.

ఈ మార్పును అందరి కళ్లముందూ చేసి చూపించిన సంస్థ బ్యాక్‌బ్లేజ్. నెలకు కొద్ది డాలర్లకు బ్యాకప్ సేవ అమ్మే ఈ చిన్న కంపెనీ, 2009లో తన ఎర్రటి నిల్వ పెట్టె నమూనాను అందరికీ ఉచితంగా ఇచ్చింది. అందులో 45 డిస్కులు, 67 టెరాబైట్లు, ఖర్చు 7,867 డాలర్లు. పదిహేనేసి డిస్కుల మూడు సమూహాలు, ఒక్కోదానిలో ఏ రెండు పోయినా ఫర్వాలేదు. అయినా పెట్టే నిలిచిపోతే దానిలోని డేటా అంతా అప్పటికి అందకుండా పోతుంది. 2015లో వారు ఇరవై పెట్టెలను ఒక జట్టు చేశారు. ప్రతి ఫైలునూ 17 ముక్కలు చేసి, రీడ్-సాలమన్ గణితంతో మరో మూడు ముక్కలు కల్పించి, ఇరవై ముక్కలనూ ఇరవై పెట్టెల్లో పెట్టారు. మూడు పెట్టెలు మూలపడినా ఫైలు దొరుకుతుంది. 1989లో డిస్కుల వరుసలకు చెప్పిన మందునే ఇక్కడ పెట్టెల వరుసలకు వేశారు.

మూడు ప్రతులంటే మూడింతల చోటు. దాన్ని తగ్గించడానికి మైక్రోసాఫ్ట్ అజూర్ బృందం 2012లో ప్రచురించిన కోడ్, 12 ముక్కలకు నాలుగు అదనపు ముక్కలతోనే సరిపెట్టింది. ఒక ముక్క పోతే పన్నెండు కాక ఆరింటిని చదివితే చాలేలా వాటిని రెండు జట్లుగా విడగొట్టింది.

కాపలాయే ముప్పయినప్పుడు

అప్పటికీ పంచుకునేవి మిగిలే ఉంటాయి. గాలిలోని కదలిక కూడా ఉమ్మడిదే. 2008 డిసెంబరు 31న సన్ ఇంజినీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల పెట్టె ముందు నిలబడి గట్టిగా అరిచి, ఆ శబ్దానికి డిస్కుల స్పందన ఎంత ఆలస్యమయిందో తెర మీద చూపించారు. 2016 సెప్టెంబరులో బుకారెస్ట్‌లోని ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్‌లో మంటలార్పే వాయువును పరీక్షించినప్పుడు, అది బయటికి చిమ్మిన శబ్దానికే పదుల కొద్దీ డిస్కులు దెబ్బతిన్నాయి. బ్యాంకు సేవలు పది గంటలు నిలిచిపోయాయి. పారిటీ గానీ జంట డిస్కు గానీ ఆ గదిలో ఆదుకోలేవు.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి కాలిపోయింది. బ్యాకప్ ఉందని నిశ్చింతగా ఉన్న కొందరు ఖాతాదారులకు, ఆ బ్యాకప్ కూడా అక్కడే ఉండేదని తెలిసింది. ఇలాంటి ముప్పుకు జవాబు భవనాలను వేరుచేయడమే. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో ప్రారంభించిన క్లౌడ్ కేంద్రంలో మూడు జోన్లున్నది అందుకే. ఒక్కోదానికీ విద్యుత్తు విడిగా, చల్లదనం విడిగా, మధ్యలో చాలినంత ఎడం. అయితే తన ప్రతులు ఒకటికంటే ఎక్కువ జోన్లలో ఉండే ఏర్పాటును వాడుకునేవారే ఎంచుకోవాల్సిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఎంచుకోకపోతే ఏమవుతుందో 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియా చూసింది. డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో, కరెంటు పోయినప్పుడు సర్వర్లను ఆదుకోవడానికి పెట్టిన లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. సర్వర్లకు దూరంగా ఉండాలని వాటిని మరో అంతస్తుకు తరలించే పని జరుగుతుండగానే మంటలు లేచాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగాయి. వాటిలో చాలావరకు క్రమంగా కోలుకున్నాయి. ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ మాత్రం తిరిగి రాలేదు. అందులోని 858 టెరాబైట్లకు వేరేచోట ప్రతి లేదు. పరిమాణం మరీ పెద్దది కావడంతో బ్యాకప్ సాధ్యం కాలేదని అధికారులు చెప్పారు. 2009 నాటి ఆ ఎర్ర పెట్టెలు పదిహేను ఉంటే, ఆ 858 టెరాబైట్లకు చోటు సరిపోయేది.